జాబితాలో లేని పేరు

నిజ్వా,
12 సెప్టెంబర్ 2024

గంగన్నకు,

నీ చెల్లె సునీత రాస్తున్నది. ఇక్కడ ఒమాన్‌లో మేం ముగ్గురం బాగున్నాం, ఎండలు మాకంటే బాగున్నాయి. షరీఫ్ భాయ్ టైలర్ దుకాణానికి తాళం వేసి మూడు వారాలు జగిత్యాల వస్తున్నాడు. ఆయన చేతికి ఈ ఉత్తరం, అవ్వకు రెండు కిలోల ఖర్జూరం ఇస్తున్నాను. ఖర్జూరం అవ్వకే. నువ్వు డబ్బా సగం చేసి "చీమలు తిన్నయ్" అని చెప్పకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మా ఆయన సురేందర్ నవ్వుతున్నాడు. ఆయనకేం తెలుసు! బాపు మస్కట్‌లో ఉన్న పన్నెండేళ్లూ మనింట్లో పెద్ద మాటలన్నీ వచ్చేపోయేవాళ్ల సంచుల్లోనే నడిచాయి కదా. "ఫోన్ల పలకరింపు, కాయితంల ముచ్చట" అనేవాడు బాపు. ఇది కాయితం ముచ్చటే.

నీ మేనకోడలు లహరి మూడో తరగతికి వచ్చింది. బడి ఒకటిన్నరకు వదులుతారు, నా ల్యాబ్ డ్యూటీ నాలుగున్నరకు గానీ అయిపోదు. వ్యాన్‌లో వచ్చి పక్కింటి అల్ఫియా వాళ్లింట్లో ఉంటుంది. ఈ ఏడు వ్యాన్‌కు కొత్త డ్రైవర్ వచ్చాడు. జితేందర్ అని, మన ఆర్మూర్ వైపు మనిషి. తెలుగువాడని సంబరపడ్డాను. పోయిన వారం ఒకామె చెవిలో వేసింది, ఊళ్లో ఇతని మీద ఏదో కేసు ఉందట, అందుకే ఇటు వచ్చాడట. ఏం కేసో ఆమెకూ తెలియదు. అప్పటినుంచి వ్యాన్ హారన్ వినబడితే లహరి చెయ్యి వదలబుద్ధి కావడం లేదు.

అల్ఫియా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడ పిల్లల జోలికి వెళ్లి శిక్షపడ్డవాళ్ల పేర్లు ఫోన్‌లో వెతికితే ఇల్లెక్కడో కూడా చూపిస్తుందట. ఇక్కడ మాలాంటివాళ్లు చూసుకునే జాబితా లేదని చెప్పారు. మన దేశంలో ఒకటి ఉందటగా, పోలీసుల దగ్గర. నువ్వు స్టేషన్ రైటర్‌వి, కంప్యూటర్ నీ ముందరే ఉంటుంది. ఒక్క పేరు కొట్టి ఉందో లేదో రాయి.

ఈ ఒక్కసారికి అడ్డం పడకు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అవ్వ పుట్టింటికి, మన మేనమామ లింబయ్య దగ్గరికి బయలుదేరామంటే చాలు, నీకు జ్వరం వచ్చేది. మూడేళ్లు వరసగా ప్రయాణం ఆగిపోయింది. మామ తోటలో మామిడిపళ్లు తినలేకపోయిన కోపం నాకింకా పోలేదు.

నీ చెల్లె,
సునీత

*

జగిత్యాల,
24 సెప్టెంబర్ 2024

చెల్లె సునీతకు అన్న గంగారాం దీవెనలు.

ఖర్జూరం అందింది. డబ్బా అవ్వ మంచం కింద ఉంది. సదరు డబ్బా బరువు తగ్గడానికీ నాకూ ఎటువంటి సంబంధం లేదని మనవి. చీమల మీద విచారణ నడుస్తోంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. చెల్లె, ఆ పేరు నేను కొట్టలేదు, కొట్టను. కోపం తెచ్చుకోకుండా కడదాకా చదువు.

ఆ జాబితా ఉన్నమాట నిజమే. 2018 నుంచి ఉంది. శిక్షపడ్డవాళ్ల పేరు, ఊరు, ఫోటో, వేలిముద్రలు అన్నీ అందులో ఉంటాయి. కానీ అది కేసుల పనికి పోలీసులు చూసుకునేది, జనం చూసేది కాదు. ఎవరు ఎప్పుడు ఏ పేరు వెతికారో కూడా నమోదవుతుంది. సొంత చెల్లె కోసం వెతికాను అంటే పై అధికారి ముందు నేను నిలబడలేను. కోర్టు కేసుల వివరాలు ఎవరైనా చూడొచ్చు గానీ, పిల్లల కేసుల్లో అక్కడా చాలావరకు మూసి పెడతారు. ఎందుకు దాస్తారని నేనూ కొత్తలో మా ఎస్సైని అడిగాను. ఈ కేసుల్లో చేసినవాడు ఎక్కువగా ఇంటివాడో, పక్కింటివాడో అయి ఉంటాడు. వాడి పేరు బయటపెడితే ఆ బిడ్డ ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. అదీ కారణం.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. వ్యాన్ యజమానిని అడుగు. పిల్లల్ని తీసుకుపోయే డ్రైవర్‌కు శిక్షలేవీ లేవని ఇక్కడి పోలీసులిచ్చిన కాగితం, మీ ఒమాన్ పోలీసులిచ్చిన కాగితం, రెండూ చూపించమను. అడగడం నీ హక్కు, సిగ్గుపడకు.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. జాబితాలో పేరు లేనంత మాత్రాన మనిషి మంచివాడని కాదు. ఎవరో ఒకరు నోరు విప్పి, ఫిర్యాదు రాసి, కోర్టులో నిలబడితేనే అందులో పేరు ఎక్కుతుంది. పందొమ్మిదేళ్లుగా ఫిర్యాదులు రాస్తున్నవాణ్ణి, నాకు తెలుసు. లహరికి నేర్పు. ఎవరైనా సరే, మనవాళ్లయినా సరే, ఇష్టం లేకుండా ముట్టుకుంటే నీకు చెప్పమను.

పైలం, జాగ్రత్తగా ఉండండి.
గంగన్న

*

నిజ్వా,
13 అక్టోబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం షరీఫ్ భాయ్ తెచ్చాడు. పోలీసు భాష బాగా రాస్తావు గానీ నేను నీ చెల్లెను, అర్జీదారును కాను. మేనకోడలి కోసం ఒక్క పేరు కొట్టడానికి నీకు రూలు అడ్డొచ్చింది.

అయినా నాకు అర్థమైందిలే. "పేరు లేనంత మాత్రాన మంచివాడని కాదు" అని ఊరికే రాయవు నువ్వు. ఏదో తెలిసే రాశావు. నేరుగా చెప్పలేక చాటుగా చెప్పావు. ఆ రోజే మరో ఇద్దరు తల్లులకు చెప్పాను. ముగ్గురం పిల్లల్ని వ్యాన్ మాన్పించాం. వారం నుంచి సురేందర్ సైట్ వదిలి మధ్యాహ్నం బడికి పరుగెత్తుతున్నాడు. ఎన్నాళ్లని పరుగెత్తుతాడు?

దేవుడు ఒక దారి చూపించాడు. లింబయ్య మామ వస్తున్నాడు! కొడుకును చూడాలని ఎన్నాళ్లనుంచో ఆయన కోరిక కదా. మల్లేశం బహ్లాలో కంపెనీ క్యాంపులో ఒక్క రూమ్‌లో ఆరుగురితో ఉంటాడు, తండ్రిని ఎక్కడ పెడతాడు? మా ఇంట్లోనే ఉండమన్నాను. విజిట్ వీసాకు సురేందర్ కాగితాలు పెట్టాడు. నవంబర్ 21న వస్తాడు, రెండు నెలలుంటాడు. బడి నుంచి లహరిని తీసుకొచ్చి, అన్నం పెట్టి, మేం వచ్చేదాకా ఆయనే చూసుకుంటాడు. "నా మనుమరాలిని నేను సూస్కోనా బిడ్డా" అన్నాడు ఫోన్‌లో. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి మోసిన చేతులవి. ముక్కూ మొహం తెలియనివాళ్ల కంటే మన మేనమామ వేయి రెట్లు మేలు.

అవ్వకు చెప్పు, తమ్ముడి చేతికి సకినాలు పంపమను.

సునీత

*

జగిత్యాల,
24 అక్టోబర్ 2024

చెల్లె,

నీ ఉత్తరం నిన్న అందింది. వెంటనే రాస్తున్నాను.

మొదటి సంగతి, ఆ డ్రైవర్ గురించి నాకేమీ తెలియదు. ఒట్టు. నేను రాసింది అతని గురించి కాదు. ఒకరి బతుకుతెరువు మీద నా మాట పడిందంటే నాకు అన్నం సహించడం లేదు. వెళ్లి కాగితాలు అడుగు.

రెండో సంగతి, లింబయ్య మామను రప్పించకు. ఆయనకు షుగర్ ఉంది, అరవై ఆరేళ్లు, అక్కడ భాష రాదు. మీ ఇల్లూ చిన్నది. వీసా వచ్చినా సరే ఆపెయ్. తప్పదంటే ఎక్కడైనా గది తీసుకుని మల్లేశం దగ్గరే ఉంచుకోమను. మీ ఇంట్లో మాత్రం వద్దు. లహరిని ఆయన ఒక్కడి దగ్గర వదలవద్దు.

ఎందుకని అడగకు. నీ అన్న చెప్పాడని ఆపు.

గంగారాం

*

నిజ్వా,
4 నవంబర్ 2024

అన్నా,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. జితేందర్ మా ఇంటికి వచ్చాడు. నేను అడగలేదు, తనంత తనే వచ్చాడు. ప్లాస్టిక్ కవర్‌లో రెండు కాగితాలు, ఇక్కడిదీ అక్కడిదీ, దేంట్లోనూ మచ్చ లేదు. "కేసు ఉండె మేడం. తెలంగాణ కోసం రోడ్డు మీద కూసున్నందుకు. నాతోటి నలబై మంది మీద పెట్టిన్రు, తర్వాత ఎత్తేసిన్రు. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నరు" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. తల్లులందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. లహరి మళ్లీ వ్యాన్ ఎక్కుతోంది. వ్యాన్‌లో ఒక ఆయమ్మను కూడా పెట్టించాం, జితేందర్ కూడా అదే మంచిదన్నాడు.

ఇప్పుడు నీ సంగతి. మొన్న ఫోన్ చేశావు. స్పీకర్‌లో లహరి "మామా" అని అరిచింది, నువ్వు దాన్ని పలకరించకుండానే "లింబయ్యను రానియ్యకు" అని పెట్టేశావు. మామ అని కూడా అనలేదు. సురేందర్ విన్నాడు. నా పరువేం కావాలి?

ఆయనంటే నీకెందుకంత పగ? బాపు దినం నాడు భోజనాల బంతులన్నీ లేచేదాకా ఆకలితో ఉన్నావు గానీ మామ పక్కన కూర్చుని తినలేదు. అవ్వ ఎంత ఏడ్చిందో. నా పెళ్లిలో ఆయన బుట్ట ఎత్తుతుంటే నువ్వు పందిట్లోనే లేవు. ఆయన మంచితనం నలుగురూ చెప్పుకుంటారు, నిన్నెవరూ పట్టించుకోరని కుళ్లా?

ఇంకొకటి ఎప్పటినుంచో అడగాలని ఉంది. నువ్వు లహరికి మేనమామవు. ఎనిమిదేళ్లలో దాన్ని ఒక్కసారి ఎత్తుకోలేదు. పోయినసారి వచ్చినప్పుడు అవ్వ "మామ ఒళ్లో కూసో" అంటే నువ్వు లేచి బయటికి పోయావు. అది ఆ రోజంతా "మామకు నేనంటే ఇష్టం లేదా" అని అడిగింది. ఏం చెప్పను దానికి?

21న మామ వస్తాడు. కారణం చెప్పు, లేదంటే ఊరుకో.

సునీత

*

జగిత్యాల,
8 నవంబర్ 2024

సునీతా,

ఇది స్పీడ్ పోస్టులో, సురేందర్ కంపెనీ పోస్టుబాక్సుకు పంపుతున్నాను. ఎవరి సంచిలోనూ పెట్టదలచుకోలేదు. కవరు మీద నీ పేరే ఉంది. ఒక్కదానివే చదువు. తర్వాత సురేందర్‌కు చూపించు, నాకు అభ్యంతరం లేదు.

నాలుగు కాగితాలు చించి ఐదోది రాస్తున్నాను. ఎవరి ఫిర్యాదైనా పావుగంటలో రాసే చెయ్యి ఇది.

నాకు పదేళ్లప్పుడు ఎండాకాలం సెలవులకు నన్నొక్కణ్ణే మామ ఊరికి పంపారు. నువ్వు చిన్నదానివని అవ్వ దగ్గరే ఉన్నావు. బాపు మస్కట్‌లో ఉన్నాడు. తోట దగ్గర కాపలాకు మామ నన్ను తోడు తీసుకుపోయేవాడు. నెల రోజులున్నాను. ఆయన నాకు చేసింది ఇప్పటి చట్టంలో ఏ సెక్షన్ కిందికి వస్తుందో నాకు నోటికి వచ్చు. ఇంతకంటే రాయను చెల్లె. నువ్వు అర్థం చేసుకో.

"చెప్తే మీ అవ్వ బాయిల దుంకుతది" అన్నాడు. నేను నమ్మాను. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. తర్వాతి ఏడు నిన్ను కూడా తీసుకుపోతామన్నారు. అప్పుడొచ్చింది నాకు మొదటి జ్వరం. ఉల్లిగడ్డ కోసి చంకలో పెట్టుకుని పడుకుంటే ఒళ్లు కాలుతుందని బళ్లో పిల్లలు చెప్పారు. మూడు ఎండాకాలాలు అదే చేశాను. ఒళ్లు వేడెక్కిందో, భయానికే కాలిందో తెలియదు, ప్రయాణం మాత్రం ఆగింది. నాలుగో ఏడు బాపు వచ్చేశాడు, ఇక ఆ సెలవుల ముచ్చటే పోయింది. నీకు మామిడిపళ్లు దక్కకుండా చేసింది నేనే. అందుకు ఎప్పుడూ బాధపడలేదు.

నువ్వు జాబితాలో పేరు వెతకమన్నావు. లింబయ్య పేరు వెతికినా అందులో ఉండదు. ఎందుకంటే చెప్పవలసినవాణ్ణి నేను, నేను చెప్పలేదు. ఆ కుర్చీలో కూర్చుని ఎందరో తల్లులకు "భయపడకు, చెప్పమ్మా, రాస్తున్నా" అన్నాను. ప్రతిసారీ సిగ్గేసేది.

లహరి మాట అడిగావు. అదంటే నాకు ప్రాణం. దాని ఫోటో స్టేషన్‌లో నా బీరువా తలుపు లోపల అతికించి ఉంది. కానీ "మామ ఒళ్లో కూసో" అని ఎవరన్నా నాకు ఊపిరి ఆడదు. నేనూ మేనమామనే కదా, ఆ పిలుపే నన్ను భయపెడుతుంది. తప్పు దానిది కాదని చెప్పు.

నన్ను నమ్ముతావో లేదో తెలియదు. నమ్మకపోయినా 21న మాత్రం ఆపు. కాళ్లు పట్టుకుంటాను.

గంగన్న

*

నిజ్వా,
16 నవంబర్ 2024

మా అన్నకు,

గురువారం సాయంత్రం సురేందర్ కవరు తెచ్చిచ్చాడు. వంటింట్లో నిలబడి చదివాను. అన్నం మాడిపోయింది. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడవడమే అయింది. అందుకే కాయితం మీద రాస్తున్నాను.

నమ్మానన్నా. మొదటి వాక్యం నుంచే నమ్మాను. నీకు కుళ్లు అని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. పదకొండేళ్ల పిల్లాడివి, ఉల్లిగడ్డ చంకలో పెట్టుకుని నాకు కాపలా కాశావు. నేను ముప్పై ఏళ్లు మామిడిపళ్ల కోసం నిన్ను ఎత్తిపొడిచాను.

లింబయ్య రాక ఆపేశాం. టికెట్ పోతే పోయిందన్నాడు సురేందర్. ఆ మనిషి ఫోన్ చేశాడు, "ఎందుకు బిడ్డా, నేనేం జేసిన?" అని. "నీకు తెలుసు" అన్నాను. ఏం తెలుసని ఆయన అడగలేదన్నా. ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున ఇక్కడ వారం వారం జరిగే మేకల సంతకు పోతున్నట్టు బయలుదేరి సురేందర్ బహ్లా వెళ్లాడు. మల్లేశం పెళ్లాం శాంతవ్వ, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఆ మనిషి ఇంట్లోనే ఉన్నారు కదా, అది తలుచుకుంటే మాకు కాలు నిలవలేదు. నీ పేరు చెప్పకుండా, "మీ నాయిన దగ్గర పిల్లల్ని ఉంచకు" అని మాత్రం చెబుదామనుకున్నాడు. మల్లేశం వెంటనే "గంగన్ననా?" అన్నాడట. అక్కడే శాంతవ్వకు ఫోన్ చేసి, "పిల్లలను దీస్కొని మీ అమ్మగారింటికి నడువ్" అన్నాడట. మల్లేశానికి ఎలా తెలుసో నేను అడగలేను. అడిగేవాళ్లు, రాసుకునేవాళ్లు ఒకరుండాలి. నిన్ను బలవంతం చేయను. నువ్వు చెప్పినా, చెప్పకున్నా నాకు అన్నవే.

మామ కోసం ఖాళీ చేసిన గది అలాగే ఉంది. డిసెంబర్‌లో సెలవు పెట్టి నువ్వు రా.

లహరికి "ఎవరు ముట్టుకోవాలన్నా నిన్ను అడగాలి" అని నేర్పాను. నీకు ఉత్తరం రాస్తున్నానంటే కాగితం లాక్కుని కింద తనే రాసింది, చూడు.

నీ సునీత

గంగమామా నన్ను ఎత్తుకోవాలంటే నన్ను అడగాలి. నువ్వు అడిగితే నేను ఊ అంటాను. ఇప్పుడే చెప్పేస్తున్నా. లహరి.

*

జగిత్యాల,
1 డిసెంబర్ 2024

చెల్లె సునీతకు, మేనకోడలు లహరికి,

మొదట అవ్వకు చెప్పాను. పొద్దున చాయ్ తాగేటప్పుడు, పక్కన కూర్చుని. బాయిలో దూకుతుందని పదేళ్లప్పుడు భయపడ్డవాణ్ణి, నలభై రెండేళ్లకూ అదే భయంతో చెప్పాను. అవ్వ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అంది, "ఆ యేడు నువ్వు అచ్చినంక అన్నం దినకపోతుంటివి. మాట్లాడకపోతుంటివి. పొగరెక్కిందని నేను కట్టె దీస్కొని కొట్టిన కొడుకా." అప్పుడు నేను కాదు, ఆమె ఏడ్చింది. కొట్టిన చోటు ఇప్పుడు కనబడుతుందా అన్నట్టు నా వీపు నిమిరింది. తమ్ముడని ఒక్క మాట అడ్డం వేయలేదు.

నిన్న డ్యూటీ దిగాక యూనిఫాం విప్పి, మామూలు బట్టలు వేసుకుని ఎస్సై మేడం గది ముందు నిలబడ్డాను. "ఏం గంగారాం, సెలవు కాగితమా?" అంది. ఫిర్యాదు అన్నాను. ఎవరిది అంది. నాది అన్నాను.

పాత కేసు చెల్లె, ముప్పై రెండేళ్లనాటిది. కోర్టులో నిలబడుతుందో లేదో, ఆ పేరు జాబితాకు ఎక్కుతుందో లేదో నేను చెప్పలేను. మేడం కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అయినా రాద్దామంది. నేను అలవాటుగా పెన్ను తీసి "నేను, గంగారాం, తండ్రి రాజన్న" అని మొదలుపెట్టాను. రెండో ముక్క రాలేదు. మేడం నా ముందు నుంచి కాగితం తన వైపు లాక్కుంది. "భయపడకు, చెప్పు, నేను రాస్తున్నా" అంది. నేను అందరికీ చెప్పే మాటే. అది వినేవాడికి ఎలా ఉంటుందో నిన్న తెలిసింది.

ఆమె రాత కోడి గెలికినట్టుంది, అక్షరదోషాలు ఏడు లెక్కపెట్టాను. ఒక్కటీ దిద్దలేదు. చివర సంతకం మాత్రం నేను పెట్టాను.

మల్లేశం ఫోన్ చేశాడు. "అన్నా, నేను గూడ" అని రెండు మాటలన్నాడు. జనవరిలో ఊరికి వస్తాడు, అతని ఫిర్యాదుకు నేను స్టేషన్‌కు వెంట వెళతాను.

సెలవు మంజూరైంది. డిసెంబర్ 22న మస్కట్‌లో దిగుతాను. అవ్వ సకినాలు చేస్తోంది. జితేందర్‌కు వేరే పొట్లం కడుతున్నాను, నా మాట వల్ల అతనికి జరిగినదానికి నేనే ఎదురుగా చెప్పుకోవాలి.

లహరి బిడ్డా, నీ కాగితం అందింది. విమానం దిగాక, మీ అమ్మానాన్నల ముందు, నిన్ను అడుగుతాను. నువ్వు ముందే ఊ అన్నావని ఊరుకోను, మళ్లీ అడుగుతాను. అప్పుడు కూడా ఊ అంటే ఎత్తుకుంటాను. ఎనిమిదేళ్ల పిల్లవి, బరువుగానే ఉంటావు. ఫర్వాలేదు, మోస్తాను.

మీ
గంగమామ